తూర్పు వైపు వంపు

రోజు 1

రోజూ ఏం చేశానో, ఎక్కడ నొప్పి పుట్టిందో రాసి చూపించమని వెన్ను మాస్టారు హుకుం జారీ చేశారు. గంట గడవకుండానే భుజం మాస్టారు కూడా అదే మాట చెప్పారు. చెరొక పుస్తకం పెట్టే ఓపిక నాకు లేదు. ఇద్దరూ ఇదే చదువుకోవచ్చు. చదివి ఒకరి గురించి ఒకరు ఏమనుకున్నా నాకు సంబంధం లేదు.

మాస్టార్లంటే మనుషులు కారు. వ్యాయామశాల గోడలో ఉండే రెండు గొంతులు. ఒకటి వెన్నెముకల శాఖది, రెండోది కీళ్ళ శాఖది. పక్కపక్కనే కాపురమున్నా ఇద్దరికీ మాటల్లేవు.

నా పేరు నూకరత్నం. యాభై నాలుగేళ్ళు. మేముండేది ఆకాశంలో తిరిగే ఓ పెద్ద చక్రం అంచున; ఇక్కడ పుట్టిన ప్రతి బిడ్డకీ మూడు నెలలు నిండేదాకా లాల పోసేది నేనే. పీట మీద కూర్చుని, కాళ్ళు చాపి, బిడ్డను కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, నూనె రాసి, నలుగు పెట్టి, నీళ్ళు పోయాలి. ఇక్కడ అన్నం వండడానికి యంత్రముంది, బట్టలు ఉతకడానికి యంత్రముంది. ఆరేళ్ళ కిందట లాల పోసే యంత్రం కూడా తెచ్చారు. తల్లులంతా దాన్ని ఒక్కసారి చూసి, బిడ్డల్ని చంకనేసుకుని నా దగ్గరకొచ్చేశారు. ఇప్పుడు ఆ యంత్రం తొట్టెలో కొత్తిమీర పెంచుతున్నారు. బాగానే వస్తోంది.

సంగతేమిటంటే, నా వెన్నెముక వంకర. చిన్నప్పటి నుంచీ వంకరే గాని ఎవరూ కొలవలేదు. కిందటి నెల కొలతల గది అని కొత్తగా పెట్టి, యాభై దాటినవాళ్ళనీ, ఎదిగే పిల్లల్నీ వరసగా నిలబెట్టారు. నాది ముప్పై ఎనిమిది డిగ్రీలట. నలభై అయిదు దాటితే అంచున ఉండనివ్వరు, ఇరుసుకు పంపుతారు. ఇరుసంటే చక్రం నడిబొడ్డు. అక్కడ దేనికీ బరువుండదు. వంగిన వెన్ను మీద బరువు పడకూడదని వాళ్ళ దయ. కాకపోతే అక్కడ ఎముకలు మెత్తబడతాయి, ఏడాది దాటితే తిరిగి దిగనివ్వరు. ఐదేళ్ళ లోపు పిల్లల్ని అక్కడికి రానివ్వరు. అంటే నేను ఇరుసుకు పోతే నా చేతిలోకి ఇక పసిబిడ్డ రాదు. ఈ ఒక్క సంగతీ తలుచుకుంటే నాకు భయం. మిగతావి భరిస్తాను.

నెలకో కొలత. నూట ఇరవయ్యో రోజున తీర్పు.

ఇది చాలదన్నట్టు పది రోజుల కిందట నీళ్ళ తొట్టె జారిపోతుంటే కుడి చేత్తో పట్టుకున్నాను. తొట్టె ఆగింది. భుజంలో కండ ఎముకకు అతుక్కునే చోట సగం చిరిగింది.

రోజు 2

మొదటి పాఠం. "ఉబ్బెత్తుగా ఉన్న పక్కను కిందికి ఉంచి పడుకొని, మోచేతిపై ఆని, నడుమును నేల నుండి లేపి, ముప్పది లెక్కించవలెను" అన్నారు వెన్ను మాస్టారు.

"మోచేతిపై బరువు మోపరాదు" అని వెంటనే భుజం మాస్టారు.

"ఏ మోచేతి మీదండీ?" అని అడిగాను.

"కుడి" అన్నారు భుజం మాస్టారు.

నా కొలతల చీటీ తీసి చూశాను. "వంపు: పడమర వైపు. అనగా ఎడమ" అని ఉంది. చక్రం తిరిగే వైపు మాకు తూర్పు, దానికెదురు పడమర. కొలతల గది యంత్రం మనిషి ఒంటిని కూడా దిక్కులతోనే కొలుస్తుంది. సరే, ఉబ్బెత్తు ఎడమ వైపు, చిరిగింది కుడి వైపు. ఇన్నాళ్ళకు నా ఒంట్లో ఒక్క సంగతైనా నాకు అనుకూలంగా కుదిరింది.

తర్వాత వెన్ను మాస్టారు కడ్డీ పట్టుకుని వేలాడమన్నారు. చేతులు భుజం ఎత్తు దాటకూడదని భుజం మాస్టారు. మీలో ఎవరి మాట వినాలని ఇద్దర్నీ ఒకేసారి అడిగాను. ఆ తర్వాత ఇద్దరూ ఒకే గొంతుతో "వైద్యుణ్ణి సంప్రదించగలరు" అన్నారు.

"వైద్యులు మీరే కదండీ?"

"అవును."

రోజు 9

వారం రోజుల్లో నాకు నేనుగా నేర్చుకున్నవి. నడుం మెలితిప్పకూడదు. కింద పడిన వస్తువు కోసం విల్లులా వంగకూడదు, మోకాళ్ళు మడిచి కూర్చుని తీసుకోవాలి. ఊపిరి బిగబట్టకూడదు. పక్కటెముకల్లో పల్లంగా ఉన్న వైపుకు గాలి వెళ్ళేలా నెమ్మదిగా పీల్చాలి. నొప్పికి పదికి ఎన్ని మార్కులో మనమే వేసుకుని, మూడు దాటితే ఆపెయ్యాలి. ఆఖరిది రెండు రోజులు పట్టించుకోలేదు. మూడో రోజు జడ వేసుకోవడానికి చెయ్యి లేవక మా ఆయన చేత వేయించుకున్నాను. ఆయన వేసిన జడతో బయటికి వెళ్ళడం కంటే ఆపెయ్యడమే మేలు.

లాల పోసే తీరు కూడా మార్చాను. పీట కింద ఇంకో పీట వేసి, వీపు గోడకు ఆనించి కూర్చుంటున్నాను. చెంబు ఎడమ చేతికి మార్చాను. ఇక్కడ పోసిన నీళ్ళు తిన్నగా పడవు, కాస్త పడమరకి పోతాయి. ముప్పై ఏళ్ళుగా నా కుడి చేతికి ఆ లెక్క తెలుసు. ఎడమ చేతికి తెలియదు. మొదటి రోజు బిడ్డకు పోసిన నీళ్ళన్నీ బిడ్డ తల్లి మీద పడ్డాయి.

రోజు 30

కొలత: నలభై.

ముప్పై రోజులు ఒక్క పూట మానకుండా చేస్తే రెండు డిగ్రీలు పెరిగింది. "శ్రద్ధ లోపించినది. వ్యాయామమును పెంచవలెను" అన్నారు వెన్ను మాస్టారు. ఎడమ పక్కన ముప్పై కాస్తా నలభై అయిదయింది.

రోజు 34

మా ఆయన సూరిబాబు మెస్సులో పచ్చళ్ళు కలుపుతాడు. ఆయన చేతికి ఎప్పుడూ ఆవపిండి వాసన. నిన్న సాయంత్రం వీపుకి నూనె రాస్తూ ఉన్నట్టుండి ఆగాడు.

"ఏవే రత్నం, ఎత్తుగా ఉన్నది ఎడం పక్కనన్నావు కదా?"

"అవును. చీటీలో ఉంది."

"మరి నా చేతికి కుడేపు తగుల్తుందేంటే?"

"మీరు వెనకాల కూర్చున్నారు. మీకు తిరగబడి కనిపిస్తుంది."

"వెనకాల కూర్చుంటే తిరగబడదే. ఎదురుగా కూర్చుంటే కదా తిరగబడేది?"

పాతికేళ్ళ కాపురంలో ఉప్పు ఎక్కువైందో తక్కువైందో ఒక్కసారి కూడా సరిగ్గా చెప్పని మనిషి. యంత్రం తప్పు చెబుతుందా, ఈయన తప్పు చెబుతాడా? అయినా ఇవాళ వెన్ను మాస్టారి చెవిన వేశాను. "భర్తల పరిశీలనలు కొలతలుగా స్వీకరించబడవు" అన్నారు. ఆ మాట నాకు చాలా నచ్చింది. ఇంటికొచ్చి సూరిబాబుకి రెండుసార్లు చెప్పాను.

ఈ మూడు ముక్కలూ చాలా రోజుల తర్వాత ఇక్కడ చేర్చాను: సిగ్గుగా ఉంది. మన వీపు మనకు కనిపించదు. చూసినవాడి మాట నేను వినలేదు.

రోజు 60

కొలత: నలభై రెండు.

రోజుకు రెండు పూటలు చేయమన్నారు. చేస్తాను. భుజం మాత్రం కుదుటపడుతోంది. ఎందుకంటే భుజం మాస్టారు చెప్పింది ఒక్కటే: జోలికి వెళ్ళకు. ఆ శాఖ వాళ్ళే నయం.

కొలతల గది చూసుకునే గాబ్రియేలు కూతురు కృపావతి ఈ రోజు నా పక్క చాప మీద కూర్చుంది. పద్నాలుగేళ్ళ పిల్ల. తనకీ వంపే, ఇరవై రెండు డిగ్రీలు. గాబ్రియేలు నన్ను అక్కా అంటాడు, అందుకని ఈ పిల్లకు నేను అత్తను.

"అత్తా, మీరెలా చేత్తే నేనూ అలాగే చేత్తున్నానండి. నాక్కూడా ఎడమే."

"నొప్పెడితే ఆపెయ్యమ్మా."

"నొప్పేం లేదండి. మీరాపితే నేనూ ఆపుతాను."

ఎదిగే వయసు. మా బోటివాళ్ళకు ఏడాదిలో జరిగేది ఆ పిల్లకు నెలలో జరుగుతుంది. ఇద్దరం ఎడమ మోచేతుల మీద లేచి, ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటూ అరవై లెక్కపెట్టాం.

రోజు 71

దేవకుమారి వచ్చింది. మా వరసలో నాలుగో గది పిల్ల. ఏడో నెల.

"పిన్నీ, ముందే చెప్తున్నాను. నా బిడ్డకి నువ్వే పొయ్యాలి. వేరే ఎవళ్ళకీ ఇవ్వను."

"నేనిక్కడ ఉంటే పోస్తానమ్మా."

"ఉండకపోతే ఎక్కడికెళ్తావు? ఉంటావు."

పిల్లలు అడిగే తీరు అది. దీన్ని కన్న పదకొండో రోజున వీళ్ళమ్మ కూడా ఇదే పీట దగ్గరకు తెచ్చింది. అప్పుడిది ఏడ్చినంత గట్టిగా ఏ బిడ్డా ఏడవలేదు.

రోజు 90

ఈ రోజు జరిగింది వరసగా రాస్తాను.

కొలతల గదిలో నేల మీద అడుగుల గుర్తులుంటాయి, వాటి మీద నిలబడాలి. ఎప్పుడూ గుమ్మం వైపు చూస్తూ నిలబడేదాన్ని. ఈసారి గుర్తులు కొత్తగా రంగు వేసి, గోడ వైపు చూస్తున్నాయి. నిలబడ్డాను. యంత్రం మామూలుగా తీసుకునే దానికంటే ఎక్కువ సేపు తీసుకుంది. అప్పుడు వెన్ను మాస్టారు గొంతు సవరించుకున్నారు. ఆ గొంతుకు సవరించుకునే అవసరం ఉంటుందని నాకిప్పటిదాకా తెలియదు.

"అభినందనలు. మీ ఎడమ వైపు వంపు సంపూర్ణముగా నయమైనది. చక్రం చరిత్రలో ఇదే ప్రథమము."

గుర్తుల మీద నుంచి దిగబోయాను.

"విచారముతో తెలియజేయునది: మీకు కుడి వైపున నలుబది నాలుగు డిగ్రీల కొత్త వంపు కనుగొనబడినది. కొత్తగా వచ్చిన వంపునకు ఆరు మాసములు గడువు కలదు. నూట ఇరువదవ దినపు తీర్పు రద్దు చేయబడినది."

ఆరు నెలలు! దేవకుమారి బిడ్డ, ఆ తర్వాత ఇంకా ముగ్గురు బిడ్డలు. ఆనందం పట్టలేక గాబ్రియేలు వైపు తిరిగాను. అతని మొహంలో నెత్తురు చుక్క లేదు.

రోజు 91

గాబ్రియేలు ఇంటికొచ్చి పీట మీద కూర్చున్నాడు. మంచినీళ్ళిస్తే తాగలేదు.

"అక్కా, గది పెట్టినప్పుడు యంత్రంతో వచ్చిన పుస్తకంలో ఉత్తరం మొహాన నిలబెట్టమని ఉందండి. జనానికేమో గుమ్మానికి వీపు పెట్టి నిలబడ్డం ఇష్టం లేదు. ఎవళ్ళొత్తారో అని భయం. వెనక్కి తిరిగి తిరిగి చూసేవోరు, కొలత చెడేది. అందుకని గుర్తులు గుమ్మం వైపుకి వేసేశానండి. నిలబడ్డం నిలబడ్డమే కదా అనుకున్నాను."

"మరి యంత్రం?"

"దానికేం తెలుసండి? ఎత్తు తూర్పు పక్కనుంటే కుడి అంటది, పడమట ఉంటే ఎడం అంటది. మనిషి ఎటు తిరిగాడో చూడదు. మొన్న పై నుంచి తనిఖీకి వత్తున్నారంటే భయపడి గుర్తులు పుస్తకంలో ఉన్నట్టు మార్చేశాను."

గుమ్మం వైపు వీపు పెట్టడం ఇష్టం లేని జనంలో నేనూ ఒకదాన్ని. మొదటి రోజు "ఇటు తిరిగి నిలబడితే బాగుంటుందయ్యా" అని అతనికి సలహా ఇచ్చింది కూడా నేనేనేమో. సరిగ్గా గుర్తులేదు. ఇచ్చే ఉంటాను.

కాబట్టి లెక్క ఇది. నా వంపు పుట్టినప్పటి నుంచీ కుడి వైపే. మూడు నెలలుగా, ఆఖరి నెల రోజుకు రెండు పూటలు, నేను ఎంతో శ్రద్ధగా దాన్ని పెంచి పోషించుకున్నాను.

"వంపున్నోళ్ళు మీతో కలిపి నలుగురండి" అన్నాడు గాబ్రియేలు. "మిగతా ముగ్గురికీ ఈ నెల కొలత ఇంకా అవలేదు. అయితే వాళ్ళక్కూడా నయమైపోయిందనే చెప్తది. ఆరు నెలలు గడువిత్తది. ఎవళ్ళకీ నష్టం లేదక్కా. నా ఉద్యోగం నిలబడుతుంది."

"కృపావతికి?"

నీళ్ళ గ్లాసు అటూ ఇటూ తిప్పాడు.

"దానికి కిందటి కొలతకే ఇరవై ఆరొచ్చిందండి" అన్నాడు చివరికి.

రోజు 93

వ్యాయామశాల గుమ్మం మీద నా బొమ్మ పెట్టారు. ఎడమ మోచేతి మీద లేచి నవ్వుతున్నాను. ఎప్పుడు తీశారో తెలియదు. కింద "నూకరత్నం గారి బాటలో" అని ఉంది. వెన్ను మాస్టారు నా పద్ధతిని అందరికీ నేర్పుతున్నారు. ఇవాళ పన్నెండు మంది తిన్నని వెన్నులవాళ్ళు కూడా ఎడమ మోచేతుల మీద లేచారు. వాళ్ళు వంకరపోవడానికి ఎన్నాళ్ళు పడుతుందో తెలియదు.

వాళ్ళ మధ్యలో కృపావతి. నన్ను చూసి చెయ్యి ఊపింది.

ఈ పుస్తకాన్ని మాస్టార్లు ఇంతవరకు ఒక్కసారీ అడగలేదు, కాబట్టి నేను చెప్తే తప్ప ఎవరికీ తెలియదు. చెప్పేస్తే నా గడువు పోతుంది. ఇరవై ఏడు రోజుల్లో తీర్పు. నలభై నాలుగు మీద ఉన్నాను, నెలకు రెండు చొప్పున పెరుగుతోంది. చెప్పకపోతే నాకు ఆరు నెలలు. కృపావతికి "కొత్త వంపు" అని చీటీ ఇచ్చి ఈసారి కుడి పక్క చేయిస్తారు, అదీ మంచిదే కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. కానీ గోడ మీద ఉన్నది నేను. పిల్ల చీటీ వినదు, నన్ను చూసి చేస్తుంది. చాటుగా చెవిలో చెబుదామా? చెబితే వాళ్ళ నాన్న పేరు రాకుండా ఎలా చెప్పను? మిగతా ఇద్దరికీ?

రెండు రోజులుగా అన్నం సయించడం లేదు. నిజం చెబుతున్నాను, నాకు చెప్పాలని లేదు.

రోజు 97

సన్మానం.

చక్రం అధ్యక్షుల వారు నా క్రమశిక్షణ గురించి అరగంట మాట్లాడారు. పూలదండ బరువు మూడు కేజీలకు మించలేదని భుజం మాస్టారు ధ్రువీకరించాకే మెడలో వేశారు. శాలువా కప్పారు. శాలువా ఎడమ భుజం మీద నిలిచింది, కుడి వైపు మాత్రం ఎత్తు మీద నుంచి జారిపోతోంది. రెండుసార్లు సర్దారు. మూడోసారి వదిలేశారు.

రెండు ముక్కలు మాట్లాడమన్నారు. ముందు వరసలో కృపావతి నిటారుగా కూర్చుని ఉంది. నేను మాట్లాడటానికి లేచినప్పుడు ఇంకా నిటారుగా అయింది, నన్ను చూసి.

అంతే, నాకు ఒళ్ళు మండింది. ఎవరి మీదో చెప్పలేను. నా మీదే కావచ్చు.

దండ తీసి బల్ల మీద పెట్టాను. శాలువా తీసి మడిచాను. జనం వైపు వీపు పెట్టి నిలబడ్డాను. సన్మానంలో ఎవరూ అలా నిలబడరు.

"ఏవండీ, ఇలా రండి" అని సూరిబాబుని పిలిచాను. వచ్చాడు. "ఎత్తు ఎక్కడుందో చెయ్యి పెట్టి చూపించండి."

"ఇంతమందిలోనా?"

"ఇంతమందిలోనే."

పెట్టాడు. అరచెయ్యి వెచ్చగా తగిలింది.

"మా ఆయన చెయ్యి ఏ వైపుందో చెప్పండి" అని అడిగాను జనాన్ని.

వెనక నుంచి దేవకుమారి గొంతు: "కుడేపు పిన్నీ!" తర్వాత అందరూ.

"పుట్టినప్పటి నుంచీ అక్కడే ఉంది. నాకేమీ నయం కాలేదు, కొత్తది రాలేదు. గదిలో మనల్ని తిరగేసి నిలబెట్టారు. మూడు నెలలు తప్పు పక్క చేసి ఆరు డిగ్రీలు పెంచుకున్నాను. వంపున్నవాళ్ళు ఎవరైనా సరే, ఇంటికెళ్ళి ఇంట్లోవాళ్ళ చేత వీపు తడిమించుకోండి. గోడ మీద నా బొమ్మ తీసెయ్యండి."

తిరిగి చూసేసరికి కృపావతి చెయ్యి తన వీపు మీదకు వెళ్ళి వెతుకుతోంది. అందలేదు. పక్కన కూర్చున్న గాబ్రియేలు తన చెయ్యి పెట్టాడు, కుడి వైపు. అలాగే ఉంచి ఏడ్చాడు. తర్వాత లేచి నిలబడి, "గుర్తులు వేసింది నేనేనండి" అన్నాడు.

అధ్యక్షుల వారు శాలువా వెనక్కి తీసుకోవాలా వద్దా అని కాసేపు ఆలోచించారు. చివరికి నాకే ఇచ్చేశారు.

రోజు 98

కార్యాలయం జవాబు వచ్చింది. నా నిజాయితీకి కృతజ్ఞతలు. నయం కాలేదు కనుక గడువు రద్దు. తీర్పు నూట ఇరవయ్యో రోజునే. తప్పు పక్క చేసిన వ్యాయామం కూడా వ్యాయామమే కనుక, దానివల్ల జరిగిన నష్టానికి మినహాయింపు లేదు. గాబ్రియేలుకి రెండు వారాలు పని ఆపారు, తర్వాత అతనే చూసుకోవాలి. గుర్తులు ఎటు వెయ్యాలో ఇప్పుడు అతనికంటే బాగా ఎవరికీ తెలియదు.

రోజు 104

ఇప్పుడు కుడి పక్క కింద పెట్టాలి. అంటే చిరిగిన భుజం మీద లేవాలి. మాస్టార్లిద్దరూ రెండోసారి ఒక మాట మీదకు వచ్చారు: అసాధ్యం.

సరే, మీరుండండి అన్నాను. మొదటి మూడు రోజులు గోడకి కుడి పక్క ఆనించి నిలబడి, మోచెయ్యి భుజం కంటే కిందే ఉంచి, గోడను నెట్టాను. నొప్పి రెండు మార్కులు. తర్వాత మూడో అంతస్తుకు వెళ్ళాను. అంచు నుంచి ఇరుసు వైపు పైకి వెళ్ళేకొద్దీ బరువు తగ్గుతుంది, మూడో అంతస్తులో నేను సగం మనిషిని. మోకాళ్ళు మడిచి, పక్కటెముకల ఎత్తు కింద తువ్వాలు చుట్టి పెట్టుకుని, కుడి మోచేతి మీద మెల్లగా లేచాను. పది లెక్కపెట్టేసరికి నొప్పి మూడయింది. దిగిపోయాను. మర్నాడు పదకొండు.

ఊపిరి ఎడమ పక్కకు పీల్చడం నేర్చుకుంటున్నాను. అక్కడ ఎముకల మధ్య మూడు నెలలుగా గాలి చొరలేదు. మొదటిసారి వెళ్ళినప్పుడు ఎవరో మూసిన గది తలుపు తెరిచినట్టనిపించింది.

కృపావతి పక్కనే చేస్తోంది, తనకి భుజం దెబ్బ లేదు కనుక అరవై దాకా. నేను పదకొండుకి ఆపితే తనూ ఆపబోయింది.

"నన్ను చూసి చెయ్యకే!" అని కసిరాను. "నీ ఒళ్ళు చెప్పింది విను."

"సరేనత్తా" అని అరవై చేసింది.

రోజు 120

కొలత: నలభై ఆరు.

గాబ్రియేలు నన్ను ఉత్తరం మొహాన నిలబెట్టి మూడుసార్లు కొలిచాడు. మూడుసార్లూ అదే. అతను పనిలోకి తిరిగొచ్చిన రోజున విడిగా కొలిస్తే నలభై ఏడు ఉంది, ఈ ఆఖరి వారంలో ఒకటి తగ్గింది. మొట్టమొదటిసారి తగ్గింది. ఇంకో నెల ఉంటే చాలేది. ఆ నెలే లేదు.

కృపావతిది ఇరవై ఆరు నుంచి ఇరవై నాలుగుకి దిగింది. మిగతా ఇద్దరివీ ఆగాయి.

నేను ఏడ్చాను. కృపావతిది తగ్గినందుకో నాది చాలినంత తగ్గనందుకో ఎందుకు విడదీయాలి, రెంటికీ ఏడ్చాను. చెప్పకుండా ఉండాల్సిందేమో అని ఒకసారి అనుకున్నాను కూడా. ఆ మాట ఇక్కడ రాయకపోతే ఈ పుస్తకం అబద్ధమవుతుంది.

ఏడాదిలోపు అంచుకు దిగి, కొలతలో నలభై అయిదు లోపు చూపిస్తే ఉండనిస్తారు. అది ఒక్కటే దారి.

రోజు 133

ఇరుసు. ఇక్కడ పడుకోవడం, కూర్చోవడం, నిలబడటం అన్నీ ఒకటే. సూరిబాబు ఆదివారాలు వస్తాడు, వచ్చిన ప్రతిసారీ వాంతి చేసుకుంటాడు, మళ్ళీ వస్తాడు.

కొలత: ముప్పై మూడు! వెన్ను మాస్టారు ఇక్కడ కూడా ఉన్నారు. "అభినందనలు. మీ కృషి ఫలించినది" అన్నారు. నేనిక్కడికొచ్చి పదమూడు రోజుల్లో చేసిన కృషి, గోడకు తల కొట్టుకోకుండా ఉండటం. మీద బరువు లేకపోతే వెన్ను దానంతటదే సాగుతుంది. అంచుకు దిగితే మళ్ళీ నలభై ఆరే.

అందుకని రబ్బరు పట్టీలతో ఒంటిని గోడకు బిగించుకుని, ఆ బిగువుకి ఎదురుగా కుడి మోచేతి మీద లేస్తున్నాను. ముప్పై రెండు దాకా లెక్కపెడుతున్నాను. భుజం నొప్పి ఒకటి.

రోజు 146

దేవకుమారికి ఆడపిల్ల. పదకొండో రోజు ఈ రోజు.

యంత్రానికి ఇవ్వనంది. దాని తొట్టెలో కొత్తిమీర ఉంది గాని, లేకపోయినా ఇవ్వదు. అంచున లాల పోయడం తెలిసిన మనిషి లేదు. నేర్పకపోవడం నా తప్పే. నేను ఎప్పటికీ ఉంటాననుకున్నాను. చివరికి సూరిబాబు కూర్చున్నాడు నా పీట మీద. మగాడు లాల పోయడమేమిటని వరసలో ఆడవాళ్ళంతా వచ్చి చూస్తున్నారు. నాకు తెర మీద కనిపిస్తోంది. నా గొంతు అక్కడ గది కప్పులోంచి వినిపిస్తుంది.

"వీపు గోడకి ఆనించండి. కాళ్ళు దగ్గరగా. మెడ కింద చెయ్యి."

"పెట్టానే."

"చేతులు కడుక్కున్నారా? ఆవపిండి ఉంటే చంపేస్తాను."

"మూడుసార్లు కడుక్కున్నానే తల్లీ!"

నూనె రాశాడు. ఆ పెద్ద చేతులు భయపడుతూ రాస్తుంటే నాకు వేళ్ళు లాగాయి. చెంబు ఎత్తాడు, తూర్పుకి కాస్త ఎక్కువగా వంచమన్నాను, నీళ్ళు సరిగ్గా బిడ్డ పొట్ట మీద పడ్డాయి. బిడ్డ గుక్కపట్టి ఏడ్చింది. తల్లి పోలికే.

"ఏడుత్తుంది రత్నం, ఏం చెయ్యను?"

"పాడండి."

"నాకు పాటేంటే? నువ్వు పాడు."

ఇంతమంది వింటుండగా, గోడకు పట్టీలతో కట్టేసుకుని ఉన్నదాన్ని, నోటికొచ్చింది పాడాను. గొంతు బాగాలేదు. బిడ్డ ఏడుపు ఆపింది. తల అటూ ఇటూ ఆడించి, గొంతు ఎక్కణ్ణుంచి వస్తోందో వెతికి, కళ్ళు చికిలించి పైకి చూసింది.

నేను ఉన్నది అటే.